రాజీనామా రాయించుకుని పంపేశారు, ఈఎస్ఐ నిరుద్యోగ భృతి రిజెక్ట్ అయింది. ఇప్పుడేం చేయాలి?

బొమ్మసంద్ర_బాలు
బెంగళూరు బొమ్మసంద్రలో ఒక ఆటో విడిభాగాల యూనిట్‌లో మూడేళ్లు చేశాను. జీతం 18,000. ఆర్డర్లు తగ్గాయని మా షిఫ్ట్‌లో చాలామందిని ఆఫీసులోకి పిలిచి, ముందే టైప్ చేసి పెట్టిన రాజీనామా లెటర్ల మీద సంతకాలు పెట్టమన్నారు. పెడితేనే రిలీవింగ్ లెటర్, సెటిల్‌మెంట్ ఇస్తామన్నారు. ఇంటి అద్దె కట్టాలి, మా అమ్మకు షుగర్ మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే తీసుకుంటాం. పెట్టక తప్పలేదు.

తర్వాత అటల్ బీమిత్ పథకం గురించి తెలిసింది, ఈఎస్ఐ కట్టినవాళ్లకు ఉద్యోగం పోతే మూడు నెలల వరకు భృతి ఇచ్చేది. క్లెయిమ్ పెట్టాను. చాలా రోజులు పెండింగ్ అని చూపించి, చివరికి రిజెక్ట్ అయింది. కారణం అడిగితే 'నువ్వే మానేశావు కదా, మానేసినవాళ్లకు రాదు' అన్నారు. నేను మానేయలేదు, మాన్పించారు. దీని మీద అప్పీల్ ఉంటుందా? ఎవరికి పెట్టాలి? ఈ ఊళ్లో ఎవరికైనా వచ్చిందా?

మారతహళ్లి_పీజీ
నిరుద్యోగ భృతి అంటే కర్ణాటకలో యువనిధి ఉంది కదా, నెలకు 3,000. అది ట్రై చేయండి.

లెక్కల_మాస్టారు
యువనిధి వేరు తమ్ముడూ. అది డిగ్రీ, డిప్లొమా పాసై ఆరు నెలలైనా ఉద్యోగం దొరకని పిల్లలకు. డిగ్రీకి 3,000, డిప్లొమాకు 1,500, రెండేళ్ల వరకు. పైగా కర్ణాటక స్థానికులై ఉండాలి. బాలు అడిగింది ఉద్యోగం చేసి పోగొట్టుకున్నవాళ్ల సంగతి. దానికి ఈఎస్ఐలోనే చూడాలి.

బాలూ, ముందు రెండు విషయాలు చెప్పు. ఈఎస్ఐ పోర్టల్‌లో నీ ఐపీ (ఈఎస్ఐ బీమా) నంబర్‌తో లాగిన్ అయితే కాంట్రిబ్యూషన్ వివరాలు వస్తాయి. చివరి రెండేళ్లలో ప్రతి ఆరు నెలల పీరియడ్‌కు ఎన్ని రోజులు పడ్డాయి? రిజెక్ట్ చేసినట్టు కాగితం మీద ఏమైనా ఇచ్చారా?

బొమ్మసంద్ర_బాలు
రోజులన్నీ బాగానే ఉన్నాయి మాస్టారూ, ఏ పీరియడ్‌లోనూ అర్హతకు కావాల్సిన 78కి తగ్గలేదు. కాగితం ఏమీ ఇవ్వలేదు, నోటితోనే చెప్పారు.

కేఆర్‌పురం_కడప
సంతకం పెట్టాక ఇంకేముంది అన్నా. రాజీనామా అంటే రాజీనామానే. నా ఫ్రెండ్ ఒకడు ఇట్లాగే తిరిగి తిరిగి వదిలేసినాడు. ఆ టైమ్‌లో వేరే పని వెతుక్కోవడం మేలు.

పీణ్య_రమణ
కడప అన్నతో నేను ఒప్పుకోను. పని వెతుక్కోవద్దని ఎవరూ అనడం లేదు, వెతుక్కుంటూనే మనకు రావాల్సింది అడగాలి. నెలనెలా మన జీతంలోంచి 0.75 శాతం కట్ చేశారు, కంపెనీ 3.25 శాతం కట్టింది. 18,000 మీద మనది 135, వాళ్లది 585. ఇది దానం కాదు, మనం కట్టిన బీమా.

హెచ్ఆర్_సుజాత
కంపెనీ వైపు ఏం జరుగుతుందో చెబుతాను, పేరోల్ పని చేస్తాను కాబట్టి తెలుసు.

ప్రతి నెలా ఈఎస్ఐ కాంట్రిబ్యూషన్ అప్‌లోడ్ చేసేటప్పుడు, ఆ నెల జీతం లేని ప్రతి మనిషికీ ఎందుకు లేదో ఒక కోడ్ వేయాలి. 1 అంటే సెలవు. 2 అంటే ఉద్యోగం వదిలి వెళ్లారు. 3 రిటైర్మెంట్. 8 పని నిలిపివేత. 9 సమ్మె లేదా లాకౌట్. 10 రిట్రెంచ్‌మెంట్, అంటే కంపెనీయే తీసేసింది. 11 పని లేదు. చాలా ఆఫీసుల్లో పేరోల్ చూసే కుర్రాళ్లు మనిషి కనబడకపోతే చాలు, ఆలోచించకుండా 2 కొట్టేస్తారు. కొన్నిచోట్ల పైనుంచి చెప్పి మరీ 2 కొట్టిస్తారు. ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో క్లర్క్ స్క్రీన్ మీద కనిపించేది ఆ నంబరే. మీరు బయట కూర్చుని ఎంత మొరపెట్టుకున్నా లోపల ఉన్నది 2.

ఈ పథకంలో సొంతంగా మానేసినవాళ్లకు, వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నవాళ్లకు, తప్పు చేసి డిస్మిస్ అయినవాళ్లకు, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మె వల్ల పని పోయినవాళ్లకు రాదు. అందుకే బాలు గారు పోరాడాల్సింది ఆ 2 మీద. మిగతావన్నీ దాని తర్వాతే.

హిందూపురం_అక్క
సుజాత గారూ, ఇది తెలియక మా గార్మెంట్స్‌లో ఎంతమంది వదిలేసుకున్నారో! లైన్ మొత్తం ఎత్తేశారు, అందరికీ 'లెఫ్ట్' అనే పడింది. సూపర్‌వైజర్‌ని అడిగితే 'అందరికీ అదే వేస్తాం' అన్నాడు, ఏదో మామూలు విషయం అన్నట్టు.

మారతహళ్లి_పీజీ
అయితే ఒక్క నంబర్ మీద మూడు నెలల డబ్బు ఆగిపోయిందా? ఓటీపీ కన్నా డేంజరే ఇది.

బొమ్మసంద్ర_బాలు
అసలు మొత్తం ఎంత వస్తుంది? దానికోసం ఇంత తిరగాలా అని ఇంట్లో అడుగుతున్నారు.

లెక్కల_మాస్టారు
ఇంట్లో చూపించు. ఉద్యోగం పోకముందు నాలుగు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో, అంటే రెండేళ్లలో, వచ్చిన జీతం మొత్తం కలిపి 730తో భాగిస్తారు. నీ జీతం 18,000 అనుకుంటే 24 నెలలకు 4,32,000. రోజుకు దాదాపు 592. అందులో సగం 296. గరిష్ఠంగా 90 రోజులు. మొత్తం 26,600 పైన.

2018 జూలై 1న పథకం మొదలైనప్పుడు ఇది పావు వంతే. కోవిడ్ లాక్‌డౌన్ అప్పుడు, 2020 మార్చి 24 నుంచి సగం చేశారు. అప్పుడే కంపెనీ ద్వారా పంపాలన్న నిబంధన తీసేసి, కార్మికుడే నేరుగా బ్రాంచ్ ఆఫీసుకు క్లెయిమ్ ఇవ్వొచ్చన్నారు. ఉద్యోగం పోయి 90 రోజులు ఆగాలన్నదాన్ని 30కి తగ్గించారు. తర్వాత పథకాన్ని పొడిగిస్తూ వచ్చారు, నాకు తెలిసి చివరిసారి 2026 జూన్ 30 వరకు. జీవితంలో ఒక్కసారే వాడుకోవచ్చు. అందుకని వేరే ఉద్యోగం నాలుగు రోజుల్లో దొరికేలా ఉంటే తొందరపడకుండా ఆలోచించుకుని పెట్టడం మంచిది. బాలు పరిస్థితి అది కాదు.

ఇంకోటి. భృతి తీసుకునే కాలంలో నీకూ ఇంట్లోవాళ్లకూ వైద్యం కొనసాగుతుంది. అమ్మ మందుల సంగతి అన్నావు కదా, అది కూడా ఇందులో లెక్కే.

హిందూపురం_అక్క
ఆ చివరి మాట అందరూ చదవాలి. ఉద్యోగం పోగానే ఈఎస్ఐ కార్డు చెల్లదనుకుని మా చెల్లెలు ప్రైవేట్ ఆస్పత్రిలో డబ్బు పోసింది.

రాజాజీనగర్_రావు
అవునక్కా. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టినదానికి తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా అర్హత ఉంటుంది. అక్టోబర్–మార్చికి జూలై–డిసెంబర్. మధ్యలో పని పోయినా ఆ అర్హత ఉన్నన్నాళ్లు చూపించుకోవచ్చు. పోర్టల్‌లో ఎప్పటివరకు ఎలిజిబుల్ అన్నది కనిపిస్తుంది, ప్రింట్ తీసుకుని వెళ్లండి.

కేఆర్‌పురం_కడప
సరే, అర్హత అన్నీ ఉన్నాయి. కానీ రాజీనామా కాగితం మీద బాలు సంతకం ఉంది కదా. దాన్ని ఎట్లా దాటతారు? అది చెప్పండి ముందు.

హెచ్ఆర్_సుజాత
న్యాయమైన ప్రశ్నే. ఆ కాగితం కంపెనీకి ఎందుకంత ముఖ్యమో చూస్తే దారి కూడా కనబడుతుంది.

కంపెనీయే తీసేస్తే ఒక నెల నోటీసు లేదా దాని జీతం ఇవ్వాలి. దాంతోపాటు పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు జీతం పరిహారం. బాలు గారికి నోటీసు 18,000, మూడేళ్లకు సుమారు 27,000. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి, వాటి ప్రకారం తీసేసిన ప్రతి కార్మికుడికి మరో 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) ఫండ్‌లో వేయాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు వెళ్లాలి. ఒక్క రాజీనామాతో ఇవన్నీ మిగులుతాయి.

'సంతకం పెడితేనే సెటిల్‌మెంట్' అని బెదిరించారన్నారు. రాజీనామా చేసినా, తీసేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్‌లోనే ఉంది. అంటే ఆ బెదిరింపుకు చట్టంలో ఏ ఆధారమూ లేదు.

ఒకే రోజు, ఒకే షిఫ్ట్‌లో, ఒకే మాటలతో టైప్ చేసిన లెటర్లు అంతమంది ఇచ్చారంటే ఎవరైనా నమ్ముతారా? మీతోపాటు పెట్టినవాళ్ల లెటర్ల ఫొటోలు సేకరించండి. పిలిచినప్పటి వాట్సాప్ మెసేజ్‌లు, గ్రూప్‌లో 'ఆర్డర్లు లేవు' అని మేనేజర్ పెట్టినవి, ఏవీ డిలీట్ చేయకండి.

బొమ్మసంద్ర_బాలు
గ్రూప్‌లో మెసేజ్ ఉంది! 'ఈ లిస్ట్‌లో ఉన్నవాళ్లు రేపటి నుంచి రావాల్సిన పని లేదు, ఆఫీసుకు వచ్చి ఫార్మాలిటీ పూర్తి చేసుకోండి' అని. లిస్ట్ పీడీఎఫ్ కూడా ఉంది.

పీణ్య_రమణ
ఇంకేం కావాలి! ఇప్పుడే నలుగురికి ఫార్వర్డ్ చేసి పెట్టుకో, ఫోన్ పోయినా ఉంటుంది.

జిగణి_చిన్నా
ఆఫీసుల చుట్టూ ఏజెంట్లు ఉంటారు బ్రో. కొంత ఇస్తే వాళ్లే నడిపిస్తారు. మనకు ఫారాలు, కన్నడ అర్థం కావు, తలనొప్పి తగ్గుతుంది.

లెక్కల_మాస్టారు
వద్దు చిన్నా. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఓటీపీ అన్నీ వాళ్ల చేతిలో పెట్టాలి. పైగా ఇక్కడ ఆగింది ఫారం తెలియక కాదు, కారణం తప్పుగా పడినందుకు. దాన్ని ఏజెంట్ మార్చలేడు. కన్నడ రాకపోయినా దరఖాస్తు ఇంగ్లిష్‌లో ఇవ్వొచ్చు, ఇక్కడ రాయించుకో, మేమంతా లేమా?

బాలూ, నేనైతే ఇలా వెళ్తాను. ముందుగా బ్రాంచ్ మేనేజర్ పేరున పునఃపరిశీలన కోరుతూ దరఖాస్తు. నోటి మాట వద్దు, రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో సీల్ వేయించుకో. సీల్ వేయకపోతే రిజిస్టర్డ్ పోస్ట్. అందులో క్లెయిమ్ నంబర్, ఎందుకు తిరస్కరించారో లిఖితపూర్వకంగా ఇవ్వమని, నేను మానేయలేదు తీసేశారని, వాట్సాప్ లిస్ట్ జతచేస్తూ రాయి. అక్కడ కదలకపోతే బిన్నీపేటలోని ప్రాంతీయ కార్యాలయానికి అదే కాపీ. దాంతోపాటు కేంద్రం ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు. అది ఇష్టమొచ్చినట్టు క్లోజ్ చేస్తే వదలకు, అక్కడే అప్పీల్ ఉంటుంది, 30 రోజుల్లో పెట్టాలి.

ఫైల్ మీద ఏం రాశారో తెలియాలంటే ఆర్టీఐ. పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనే, 30 రోజుల్లో జవాబు. నేనిచ్చే ఆర్టీఐలో ఎప్పుడూ 'ఎందుకు' అని అడగను. నా క్లెయిమ్ మీద అధికారులు రాసిన నోట్స్ కాపీలు ఇవ్వండి అని అడుగుతాను. ఎందుకు అన్నదానికి తప్పించుకునే జవాబు వస్తుంది, కాపీ అడిగితే కాపీయే ఇవ్వాలి.

కేఆర్‌పురం_కడప
బ్రాంచ్ ఆఫీసుకు ఎన్ని కాగితాలు ఇచ్చినా కంపెనీ మాట మార్చకపోతే? అక్కడివాళ్లు కంపెనీ రికార్డే నమ్ముతారు, వాళ్లకు విచారణ చేసే తీరిక ఎక్కడిది?

రాజాజీనగర్_రావు
కడప గారి అనుమానంలో నిజం ఉంది. అందుకే రెండోవైపు నుంచి కూడా నడవాలి. బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన ఉంది కదా, రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసు. అక్కడికి వెళ్లి మీ ఏరియా చూసే అధికారి ఎవరో కనుక్కుని, బలవంతపు రాజీనామా మీద ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరు కాదు, లిస్ట్‌లో ఉన్నంతమంది సంతకాలతో. కంపెనీకి నోటీసు వెళ్తుంది, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. కొత్త కోడ్‌లో ఇలాంటి వివాదానికి రెండేళ్ల గడువు. పాత చట్టంలో మూడేళ్లు ఉండేది, కాబట్టి పాత సలహాలు చదివి ఆలస్యం చేయకండి.

హిందూపురం_అక్క
అందరూ కలిసి వెళ్తే ఏమవుతుందో ఈ ఊరు చూసింది. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్‌లో కంపెనీ వాటా 58 ఏళ్లదాకా తీయకూడదన్నప్పుడు మా గార్మెంట్స్ ఆడవాళ్లే వేలమంది రోడ్డు మీదికి వచ్చారు. హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు నిండిపోయాయి. ఏప్రిల్ 19న కేంద్రం ఆ రూల్ వెనక్కి తీసుకుంది. నెల జీతంతో నెల గడిపే మాకు పని పోయినప్పుడు చేతికందే డబ్బు అదొక్కటే. దాన్ని ముసలితనం దాకా దాచుకోమంటే మధ్యలో ఏం తినాలి?

పీణ్య_రమణ
అక్కా, నేను ఆ రోజు పీణ్యలోనే ఉన్నాను. బస్సులు ఆగిపోయి నడిచే ఇంటికి పోయాం, ఒక్కరూ తిట్టుకోలేదు.

మారతహళ్లి_పీజీ
మరి సాఫ్ట్‌వేర్‌లో లేఆఫ్ అయినవాళ్లకు? నాకు 45,000 వచ్చేది. ఇదేమీ వర్తించదా?

హెచ్ఆర్_సుజాత
వర్తించదండీ. ఈఎస్ఐ జీతం పరిమితి 21,000, వికలాంగులకు 25,000. అది 2017 జనవరి నుంచి అక్కడే ఉంది. ఈ ఊళ్లో అద్దెలు ఎక్కడికి వెళ్లాయో చూస్తున్నాం, ఆ పరిమితి మాత్రం కదలలేదు. 22,000 వచ్చే మనిషికి ఉద్యోగం పోతే ఏ బీమా లేదు. దీని గురించి ఎవరూ గట్టిగా అడగకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

మీకు మిగిలినవి నోటీసు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఐదేళ్లు దాటితే గ్రాట్యుటీ, పీఎఫ్. ఆరు నెలలకు పైగా పని చేసినవాళ్లను సరైన కారణం, నెల నోటీసు లేదా ఆ జీతం లేకుండా తీసేయకూడదని కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం 39వ సెక్షన్ చెబుతుంది. మీ హెచ్ఆర్‌కు మెయిల్‌లో ఆ సెక్షన్ నంబర్ రాయండి, జవాబు తీరు మారుతుంది.

జిగణి_చిన్నా
పీఎఫ్ అంటే గుర్తొచ్చింది. నాది కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయలేదు, క్లెయిమ్ ఓపెన్ కావడం లేదు.

రాజాజీనగర్_రావు
చివరి కాంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటితే నువ్వే వేసుకోవచ్చు. పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో 'మేనేజ్' కింద 'మార్క్ ఎగ్జిట్' ఉంటుంది, ఆధార్ ఓటీపీతో అయిపోతుంది. తేదీ జాగ్రత్తగా వేయి, కొత్త ఉద్యోగంలో చేరిన తేదీతో కలిసిపోతే ఓవర్‌ల్యాప్ అని మళ్లీ రిజెక్ట్. ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50,000 పైన తీస్తే 10 శాతం టీడీఎస్ పడుతుంది, పాన్ లింక్ లేకపోతే ఇంకా ఎక్కువ. ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే టీడీఎస్ కోయొద్దని డిక్లరేషన్ ఫారం పెట్టు.

ఇంకొకటి, 2025 అక్టోబర్‌లో పీఎఫ్ ట్రస్టీల బోర్డు ఉద్యోగం పోయినప్పుడు 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, పూర్తిగా తీయాలంటే రెండు నెలలు కాదు 12 నెలలు ఆగాలి అని నిర్ణయించింది. హిందూపురం అక్క చెప్పిన మాట ఇక్కడ మళ్లీ వస్తుంది.

హిందూపురం_అక్క
వస్తుంది రావు గారూ. ఆ మిగతా పావు వంతే మా పిల్లల స్కూలు ఫీజు.

పీణ్య_రమణ
టాపిక్ పీఎఫ్‌లోకి పోతోంది, దానికి వేరే త్రెడ్ పెడదాం. కంపెనీయే మూసేసినవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, అటల్ పథకం కాకుండా ఈఎస్ఐలోనే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది, 2005 ఏప్రిల్ 1 నుంచి. మొదటి 12 నెలలు సగం జీతం, తర్వాతి 12 నెలలు పావు. మా పక్క షెడ్ మూతపడినప్పుడు సగం మందికి దీని పేరు కూడా తెలియదు. బాలూ, నీ కోడ్ 2 నుంచి 10కి మారితే దీన్ని కూడా అడుగు. 90 రోజులకు బదులు 24 నెలలు.

లెక్కల_మాస్టారు
రమణ మంచి పాయింట్ పట్టుకున్నాడు. రెండింటిలో ఏది అడగాలో తేలేదాకా తొందరపడకు బాలూ, జీవితంలో ఒక్కసారి అన్నది గుర్తుంచుకో.

బొమ్మసంద్ర_బాలు
అప్‌డేట్. లిస్ట్‌లో ఉన్నవాళ్లలో చాలామంది కలిసి కార్మిక శాఖలో ఫిర్యాదు ఇచ్చాం. కంపెనీ మనిషి మొదటి పిలుపుకు రాలేదు, రెండోసారి వచ్చాడు. వాట్సాప్ లిస్ట్ చూపించేసరికి 'వాళ్లంతట వాళ్లే రాశారు' అన్న మాట మళ్లీ అనలేదు. పరిహారం గురించి ఇంకా తేలలేదు, తర్వాతి తేదీ ఇచ్చారు. కానీ పని లేక తీసేశామని బ్రాంచ్ ఆఫీసుకు లెటర్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, ఇచ్చాడు కూడా. నా దరఖాస్తు కాపీ మీద సీల్ ఉండటం బాగా పనికొచ్చింది, అక్కడ 'మాకేమీ అందలేదు' అనబోయి ఆగిపోయారు. క్లెయిమ్ మళ్లీ తెరిచారు.

కేఆర్‌పురం_కడప
శభాష్ బాలూ! నా ఫ్రెండ్‌కి ఈ త్రెడ్ పంపిస్తున్నా, వాడిది ఇంకా ఏడాది దాటలేదు.

మారతహళ్లి_పీజీ
పార్టీ ఎప్పుడు అని అడగను, డబ్బు పడ్డాకే అడుగుతా.

హెచ్ఆర్_సుజాత
చాలా సంతోషం. పరిహారం తేదీకి తప్పకుండా వెళ్లండి. అక్కడ 'ఇంత తీసుకుని ఇక ఏ క్లెయిమ్ లేదని రాయండి' అంటారు. చదవకుండా సంతకం పెట్టకండి, అర్థం కాకపోతే ఫొటో ఇక్కడ పెట్టండి.

బొమ్మసంద్ర_బాలు
తప్పకుండా అక్కా. ఒక సమస్య వచ్చింది. నాతో కలిసి పెట్టిన అనంతపురం కుర్రాడికి క్లెయిమ్ ఓకే అయినా డబ్బు బ్యాంకు నుంచి వెనక్కి పోయింది. ఖాతా నంబర్ సరిగ్గానే ఉంది, ఎందుకో తెలియడం లేదు.

రాజాజీనగర్_రావు
ఏ బ్యాంకు? ఊళ్లో తెరిచిన పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా అయితే అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్రాంచ్ గుర్తింపు కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీ మారిపోయింది. సిండికేట్ అయితే కెనరాలో, కార్పొరేషన్ అయితే యూనియన్‌లో, విజయా అయితే బరోడాలో. పాత పాస్‌బుక్ చూసి కోడ్ వేస్తే వెనక్కే వస్తుంది.

బొమ్మసంద్ర_బాలు
ఆంధ్రా బ్యాంకే! వాడి పాస్‌బుక్ మీద ఏఎన్‌డీబీ అని ఉంది.

రాజాజీనగర్_రావు
అదే సంగతి. దగ్గర్లో ఏ యూనియన్ బ్యాంకు బ్రాంచ్‌లోనైనా కొత్త పాస్‌బుక్ ప్రింట్ చేయించుకోమను, యూబీఐఎన్‌తో మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఆధార్ ఆ ఖాతాకు లింక్ అయి ఉందో లేదో కూడా అక్కడే అడగమను. ఆ రెండూ ఈఎస్ఐలో అప్‌డేట్ చేయించి, మళ్లీ పేమెంట్ పంపమని ఒక లెటర్. సీల్ మాత్రం మర్చిపోవద్దను.